నౌపడ పిల్లకి నౌపడ మాట నేర్పిన రెండు నెలలు

నేనేం ఉద్యోగం చేశానని ఎవరైనా అడిగితే మా ఆవిడ ఇప్పటికీ "సినిమాల్లో కర్ర పట్టుకునేవారు" అని చెబుతుంది. విన్నవాళ్లు నన్ను ఫైటరనుకుని ఒకసారి కిందికీ పైకీ చూస్తారు. నా భుజాలు కనబడగానే జాలిపడి మాట మార్చేస్తారు. ఆ కర్ర చివర మైకు ఉంటుంది. నటులు మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వాళ్ల తలల మీదుగా, కెమెరాకి చిక్కకుండా పట్టుకుని నిలబడాలి. చెయ్యి వణికితే తిట్లు, నీడ పడితే తిట్లు, తుమ్మితే ఆ పూట భోజనంతో పాటు తిట్లు. ఉద్యోగమంటే అంతే.

సినిమాల్లోకి పోదామని విజయనగరంలో సంచులు సర్దుకుంటున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. ఏడో తరగతిలో బడికి నమస్కారం పెట్టేసినవాణ్ని సలహా అడుగుతున్నారంటేనే వాళ్లు సినిమాకి పనికొస్తారని నాకు అర్థమైపోతుంది. వాళ్లందరికీ నేను చెప్పే సంగతి ఇదొక్కటే. ఇందులో నేను వేసిన వెధవ వేషం కూడా ఉంది కాబట్టి రాయడం ఇన్నాళ్లు వాయిదా వేశాను.

ముందు ఒక్క ముక్క తెలియాలి. మన సినిమాల్లో షూటింగప్పుడు పట్టిన మాటల్ని చాలావరకు వాడరు. దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. తరవాత డబ్బింగ్ థియేటర్లో కూర్చుని, ఆ ట్రాక్ వింటూ, పెదాలు చూసుకుంటూ మాటలన్నీ కొత్తగా చెప్పిస్తారు. అయ్యాక నేను పట్టింది పారేస్తారు. అంటే ముప్పై ఏళ్ల పాటు నేను ఎంతో జాగ్రత్తగా చెత్త పోగుచేశానన్నమాట. కాకపోతే ఆ చెత్త నా చెవుల్లోంచి వెళ్లేది. తెర మీద జనానికి వినిపించని అసలు గొంతులన్నీ విన్నవాణ్ని నేనే.

మాది బొబ్బిలి పక్క పల్లె. హైదరాబాద్‌లో లైట్ల పని చేసే మా పెదనాన్న కొడుకు నన్ను యూనిట్లో చేర్పించిన రోజున, టిఫిన్ దగ్గర "ఇదేటి?" అని అడిగాను. అంతే. నెల రోజుల పాటు ఎవరు బోరు కొట్టినా నన్ను పిలిచి "ఏదీ, ఇంకోసారి అను" అనేవారు. మా మాట సినిమాలో ఎప్పుడూ చీపురు పట్టుకునే కనిపిస్తుంది. పనిమనిషి, వాచ్‌మన్, దొరికిపోయే దొంగ, వీళ్లకే మా యాస. మూడు నెలల్లో నేను విజయవాడ మాట నేర్చేసుకున్నాను. ఊరు అడిగితే విజయవాడ అనడం కూడా అలవాటు చేసుకున్నాను. కృష్ణలో ఒక్కసారి కాలు తడపకుండా ముప్పై ఏళ్లు విజయవాడ వాణ్నయ్యాను.

అలా స్థిరపడ్డాక ఒక సినిమాకి కొత్త హీరోయిన్ వచ్చింది. పదిహేడేళ్లుంటాయి. ముంబైలో పుట్టి పెరిగిన పిల్లని మేనేజరు పత్రికలకి చెప్పాడు. వెంట వాళ్లమ్మ. ఆవిడకి హిందీ తప్ప రాదని కూడా చెప్పాడు. పాపం ఆవిడకి హిందీ రాదు. కాబట్టి మాట్లాడకుండా కూర్చునేది. బొంబాయి ఆవిడ ఎంత హుందాగా ఉందో చూడండని మా వాళ్లు మెచ్చుకునేవారు. రెండో రోజు ఆ అమ్మాయి చీరకి గుచ్చిన చిన్న మైకు తియ్యడం మరిచిపోయాం. నా హెడ్‌ఫోన్లో బొంబాయి మాట్లాడింది.

"అమ్మా, ఆకలేస్తన్నాది. బేగి ఏటైనా ఎట్టు."

"ఉండే. ఈ ఎండ కంటే మన నౌపడ ఎండే నయం."

నౌపడంటే శ్రీకాకుళం జిల్లాలో ఉప్పు పండే ఊరు, మా వైపే. నాకు నవ్వొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. అక్కడిదాకా నా నడవడిక బాగానే ఉంది.

ఆ అమ్మాయి తన మాటలు తనే చెప్పుకుంటానని డైరెక్టర్ని బతిమాలింది. ఆయన మంచివాడే. షెడ్యూల్ అయ్యాక పైలట్ ట్రాక్ విని చూద్దామన్నాడు. అందుకే ఆ పిల్ల ప్రతి మాటా రాత్రుళ్లు బట్టీపట్టి, పుస్తకంలో అచ్చు వేసినట్టు చెప్పేది. ఓ రోజు పాటకి ముందు చిన్న ప్రేమ సన్నివేశం. హీరోగారు ప్రేమంతా చేతిలో చూపించే రకం. మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. ఆ పిల్ల నోట్లోంచి బట్టీపట్టింది రాలేదు.

"ఒగ్గెయ్, నొప్పెడతన్నాది."

నేను నవ్వాను. కర్ర ఊగిపోయేంత నవ్వు. నన్ను చూసి మిగతావాళ్లు నవ్వారు. ఏమందిరా అని డైరెక్టర్ నన్నడిగాడు. నాకు తెలీదండీ, హిందీ అయ్యుంటుందన్నాను. దాంతో నవ్వు రెట్టింపైంది. సాయంత్రానికల్లా యూనిట్ మొత్తం ఒకరి భుజం ఒకరు పట్టుకుని "ఒగ్గెయ్" అనుకుంటున్నారు. ఆ ట్రాక్ ఎవరూ వినలేదు. డబ్బింగ్‌కి వేరే ఆవిడని పిలిచారు.

ఆ డబ్బింగ్ ఆవిడ్ని ఒక్క మాట అనను. కొబ్బరినీళ్లలాంటి గొంతు. సినిమా ఆడింది. ఆ తరవాత పన్నెండేళ్లు ముఖం ఈవిడది, గొంతు ఆవిడది. ఆవిడ ముఖం ఎవరికీ తెలీదు, ఈవిడ గొంతు ఎవరికీ తెలీదు. ఇద్దరూ కలిస్తే జనానికి ఒక హీరోయిన్.

ఒకసారి టీవీలో ఫోన్లు తీసుకునే కార్యక్రమానికి మన నౌపడ పిల్ల, అప్పటికి అందరికీ మేడం, వచ్చింది. నేను టీ కొట్లో చూస్తున్నాను. మాటైతే శుభ్రంగానే మాట్లాడింది, కానీ సొంత గొంతు. కాస్త బరువుగా, కాస్త బొంగురుగా ఉంటుంది. ఒక అభిమాని ఫోన్ చేసి, మీరు మేడం కాదండీ, మేడం గొంతు మాకు తెలుసు, ఒకసారి మేడంకివ్వండి అన్నాడు. యాంకరమ్మాయి నవ్వేసి, మేడంకి జలుబు చేసిందని సర్దింది. మేడం కూడా నవ్వింది. ఆ తరవాత రెండు సినిమాలు పూర్తిచేసి మానేసింది. పెళ్లని, ఒంట్లో బాగోలేదని, ఒళ్లొచ్చిందని, భక్తి ముదిరిందని పత్రికలు రాశాయి. అన్నీ కలిపి రాసిన పత్రిక కూడా ఒకటుంది. జలుబు సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

పదకొండేళ్లు గడిచాయి.

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం ఒక కొత్త డైరెక్టర్ వచ్చాడు. గడ్డం, ఖద్దరు చొక్కా, నోరు తెరిస్తే "రూటెడ్" అనే మాట. ఉప్పుమళ్లలో పనిచేసే ఆడవాళ్ల కథ. నౌపడలోనే తీస్తాడట. డబ్బింగ్ ఉండదట, అక్కడ పట్టిన మాటే సినిమాలో ఉంటుందట. నా కర్రకి బతుకులో మొదటిసారి గౌరవం వచ్చింది. ఇక ఆ ఆడవాళ్లకి పెద్దదిక్కుగా ఉండే వేషానికి ఎవర్ని తెచ్చాడనుకున్నారు? మన మేడంనే. పెద్ద కళ్లు, బాధ బాగా పలుకుతాయన్నాడు. బొంబాయి మనిషి కదా, యాస ఎలా అన్నారు నిర్మాత. దానికి కోచ్‌ని పెడదామన్నాడు. యాస కుదరకపోతే పాత డబ్బింగ్ ఆవిడనే పిలుస్తానని నిర్మాత ముందే ఖాయం చేసి పెట్టుకున్నారు.

కోచ్ కుర్రాడు బాగా చదువుకున్నవాడు. భాషల మీదే ఏదో పెద్ద డిగ్రీ. మర్యాదస్తుడు, బిస్కెట్ ప్యాకెట్ విప్పితే ముందు నాకిచ్చేవాడు. హైదరాబాద్‌లో రెండు నెలలు మేడంకి శ్రీకాకుళం మాట నేర్పాడు. నౌపడ పిల్ల వినయంగా కూర్చుని, నోటుబుక్కు పెట్టుకుని నేర్చుకుంది. నేను మూలన కూర్చుని మైకు తుడుచుకుంటూ చూశాను. నవ్వు రాలేదు, అది నాకే వింతగా అనిపించింది.

ఆ కుర్రాడు డైలాగులన్నీ కంప్యూటర్లో పెట్టి, "చ" ఉన్నచోటల్లా "స", "ఏమి" ఉన్నచోటల్లా "ఏటి" పడేలా ఒక్క మీట నొక్కాడు. యంత్రం చెప్పిన పని చేసింది. మా వాళ్లు "చెప్పు"ని "సెప్పు" అంటారు, నిజమే. కానీ "వచ్చినాను"లో ఉన్న "చ్చ" జోలికి పోరు. అది యంత్రానికి ఎవరు చెబుతారు? కాగితం మీద పెద్ద సన్నివేశం డైలాగు ఇలా వచ్చింది:

"సిన్నప్పటి నుంసి ఈ మడుల్లోనే సస్సాను. నిన్న వస్సిన నువ్వు ఏటిటి నాకు సెప్పేది?"

దీన్ని చదివి డైరెక్టర్ కళ్లు మూసుకుని, మట్టివాసన వస్తోందన్నాడు.

ఇక ఆ రోజు. నౌపడ ఉప్పుమళ్లలో పొద్దున్నుంచే ఎండ కింద నుంచీ పై నుంచీ కొడుతోంది. గాలికి మైకు మీద తొడిగిన బొచ్చు కుక్కపిల్లలా లేచి ఆడుతోంది. నిజంగా మళ్లలో పనిచేసే ఆడవాళ్లని ఇరవైమందిని పిలిపించి మేడం వెనకాల నిలబెట్టారు. కంట్రాక్టరు వేషగాడు వచ్చి మళ్లు ఖాళీ చెయ్యమంటాడు. ఈవిడ ఉప్పు లాగుతున్నదల్లా ఆగి ఆ డైలాగు అనాలి.

ఉప్పు లాగడం వరకు బ్రహ్మాండంగా ఉంది. "సస్సాను" అనగానే వెనక ఒక కిసుక్కుమన్న చప్పుడు. "వస్సిన" దగ్గర నలుగురు. "ఏటిటి" అనేసరికి ఇరవైమందీ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. తొమ్మిది టేకులు అదే కథ. వాళ్లని కేకలేశారు, బతిమాలారు, నవ్వితే పంపేస్తామన్నారు. గుంపులో పెద్దావిడ ఒకామె ఉంది, అరవై దాటుంటాయి. ఆమె పక్కనామెతో అన్న మాట నా హెడ్‌ఫోన్లో స్పష్టంగా పడింది.

"కాళ్లు సక్కగానే ఏస్తన్నాది. నోరే ఏ ఊరోళ్లో పాడుసేసినారు."

డైరెక్టర్ గడ్డం గోక్కుని, పర్లేదు, బొమ్మ వరకు తీసేద్దాం, గొంతు సంగతి డబ్బింగ్‌లో చూద్దామన్నాడు. నిర్మాతకి ఫోన్ చెయ్యమని పురమాయించాడు. ఆ మాట మేడం కూడా వింది. భోజనానికి వదిలారు.

మేడం టార్పాలిన్ నీడన ఆకు ముందు ఒక్కతే కూర్చుంది. చీరకి ఉన్న మైకు సరిచెయ్యాలన్న నెపంతో వెళ్లి, ముందుగా దాని మీట ఆపేశాను. అంత తెలివి ఈసారి ఉంది. తరవాత దాదాపు ముప్పై ఏళ్లుగా సెట్‌లో మాట్లాడని మాట నోట్లోంచి తీశాను. తుప్పు పట్టిపోయి బయటికి రావడానికి కాస్త ఇబ్బంది పెట్టింది.

"అమ్మా, నాను బొబ్బిలి పక్కోణ్ని."

ఆవిడ తలెత్తలేదు. "తెలుసు."

"ఎలగ తెలుసు?"

"ఆరోజు అందరికంటే ముందు నువ్వే నవ్వినావు. ఆ మాట ఏటో తెలిసినోడే అంత బేగి నవ్వగలడు."

జోకు కోసం వెతికాను. జేబులో లేదు. తప్పయిపోయిందని కూడా అనలేకపోయాను. ఆ వైరు అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను.

ఆవిడే అంది. "ఆళ్లని నవ్వొద్దని ఎలగ అంటాను? ఆ సస్సా వస్సా ఇంటే నాకూ నవ్వొస్తన్నాది. కానీ అన్నా, నా మాట నాను మాటాడితే బొంబాయి అబద్దం బయటపడిపోద్ది. మాటాడకపోతే మళ్లీ ఆయమ్మ గొంతే ఏస్తారు. దీనికోసమే గదా పదకొండేళ్లు ఇంట్లో కూకున్నాను."

నేను నోరు తెరిచేలోపే ఆ పెద్దావిడ స్టీలు టిఫిన్ గిన్నె పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. మేడం అనలేదు, అమ్మగారు అనలేదు.

"అమ్మీ, మీ అమ్మ బాగున్నాదా?"

మేడం నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"పొద్దుట గట్టు మీద నడిసినప్పుడే తెలిసిపోనాది, దాని కూతురివని. నువ్వు సెప్పుకోనేదు గదాని మేమూ అడగనేదు," అంది ఆవిడ, గిన్నెలోంచి చేప ముక్క తీసి ఈవిడ ఆకులో వేస్తూ. "అయినా మీ అమ్మ నీకు మాటలు నేర్పనేదేటే?"

వాళ్లమ్మ విశాఖపట్నంలో ఉందని, మోకాళ్ల నొప్పులని మేడం చెప్పింది. ఇద్దరూ కాసేపు మోకాళ్ల గురించే మాట్లాడుకున్నారు. ఆకులో ఒక్క మెతుకు మిగల్చకుండా తిని మేడం లేచింది. వెళ్తూ నాతో, మైకు ఈసారి బాగా పట్టమంది.

పదో టేకు. డైరెక్టర్ మనసు అప్పటికే డబ్బింగ్ థియేటర్లో ఉంది. యాక్షన్ అని కూడా నీరసంగానే అన్నాడు. కంట్రాక్టరు వేషగాడు వచ్చాడు, ఖాళీ చెయ్యమన్నాడు. మేడం చేతిలో పని ఆపింది. గొంతు పెంచలేదు.

"సిన్నప్పుట్నుంచీ ఈ మడుల్లోనే సచ్చినాను. నిన్నొచ్చినోడివి, నువ్వేటి నాకు సెప్పేది?"

వెనక ఒక్కరూ నవ్వలేదు. అక్కడితో అయిపోవాలి సన్నివేశం. కానీ ఆ పెద్దావిడకి సినిమా అన్న సంగతి గుర్తులేదో, ఉన్నా లెక్కచెయ్యలేదో, ముందుకొచ్చింది.

"ఈడితో మాటలేటే? బేగి ఎల్లమను. ఎండెక్కిపోతన్నాది."

మిగతా ఆడవాళ్లు కూడా ఒక్కో అడుగు వేశారు. వేషగాడు తన తరవాతి డైలాగు మరిచిపోయి వెనక్కి తగ్గి, కొత్త బూటుతో సహా ఉప్పునీటి మడిలో దిగబడ్డాడు. ఆ భయం నటన కాదు. నా చెవుల్లో గాలి, ఆడవాళ్ల ఊపిరి, మడిలో బూటు పడిన చప్పుడు, అన్నీ పక్కపక్కనే ఉన్నాయి.

కట్ చెప్పాక డైరెక్టర్ కోచ్ కుర్రాడి వైపు తిరిగాడు. కుర్రాడు కాగితం చూసుకుని నిజాయితీగానే చెప్పాడు. మేడం నటన అద్భుతంగా ఉంది కానీ యాస బాగా తగ్గిపోయింది. సస్సాను అనాల్సింది సచ్చినాను అన్నారు, ఏటిటి పూర్తిగా వదిలేశారు. ఆ ముసలావిడ మాట కూడా యాసలా అనిపించడం లేదన్నాడు.

డైరెక్టర్ అయోమయంలో పడ్డాడు. నిర్మాత ఫోన్లో ఉన్నారు, గొంతు ఉంచాలా తీసేయాలా అని ఆయన అడుగుతున్నారు. ఎవరో ఒకరు తేల్చాలి. డైరెక్టర్ నా వైపు చూసి, ముప్పై ఏళ్ల నుంచి వింటున్నావుగా, నీ చెవికెలా ఉంది అన్నాడు. విజయవాడ వాడికేం తెలుస్తుందని సౌండ్ ఇంజనీరు నవ్వాడు. ఇరవై ఏళ్లు నాతో ఒకే గదిలో పడుకున్న మనిషి.

మేడం నా వైపు చూడనైనా చూడలేదు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా ఉప్పు కుప్పల కేసి చూస్తోంది. నేను చెప్పకపోయినా ఆవిడ ఆశ్చర్యపోదని నాకర్థమైంది. అది కొంచెం ఎక్కువే గుచ్చుకుంది.

"కరెక్టే బాబూ," అన్నాను. "మాది బొబ్బిలి. నాను సిన్నప్పుడు ఇన్నది ఇదే. ఆ కాయితంలో ఉన్నది ఏ ఊర్లోనూ నేదు."

ఇంజనీరు ముందు బిత్తరపోయాడు, తరవాత పడీ పడీ నవ్వాడు. లైట్ల వాళ్లు నవ్వారు. "ఏదీ, ఇంకోసారి అను" అని ఎవడో అన్నాడు. అన్నాను. నాలుగుసార్లు అన్నాను. నవ్వుకోమని చెప్పి నిలబడితే పెద్దగా ఏమీ అవదని అరవై ఏళ్లకి తెలిసింది. డైరెక్టర్ ఫోన్‌లో నిర్మాతతో, ఈ టేకు ఉంటుంది, గొంతుతో సహా ఉంటుందన్నాడు. ఇంకొకటి సేఫ్టీకి, కాస్త యాసతో చేద్దామా మేడం అని కోచ్ అడిగాడు పాపం. ఇంకోటి నేదు బాబూ అంది ఆవిడ. అప్పటికి గానీ ఆ అబ్బాయికి వెలగలేదు. ఎర్రబడ్డాడు. సాయంత్రం వరకు ఆ పెద్దావిడ పక్కనే గట్టు మీద కూర్చుని ఆవిడ మాటలు ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. చదువుకున్నవాళ్లలో అలాంటివాళ్లు తక్కువ. అందుకని అతన్ని ఇక వెక్కిరించను.

సినిమా బాగా ఆడింది. రెండే నెలల్లో ఇంత కష్టమైన యాస నేర్చుకున్న ముంబై నటి అని పత్రికలు మెచ్చుకున్నాయి. మేడం తను నౌపడ పిల్లనేనని నాలుగు చోట్ల చెప్పింది. పాత్రలో అంత లీనమైపోయారని రాశారు.

కథ ఇక్కడితో ముగిస్తే మీరు చప్పట్లు కొట్టి, రేపు రైలెక్కేస్తారు. కాబట్టి మిగతాది కూడా వినండి. వెంటనే ఇంకో పెద్ద సినిమాలో ఆవిడకి లాయరు వేషం వచ్చింది. కాకపోతే, ఉప్పుమడికి మీ గొంతు బాగుంది గానీ లాయరు చదువుకున్న మనిషి కదా మేడం, పాత గొంతే పెడదామన్నారు. ఆవిడ కుదరదంది. వాళ్లూ సరేనని వెళ్లిపోయారు. మళ్లీ ఆవిడ సినిమాలు మానేసిందని ఒక పత్రిక రాసింది. ఈసారి కారణం మోకాళ్లట. వాళ్లమ్మవి ఈవిడకి అంటగట్టారు.

నేను అప్పటికి రిటైరై విజయనగరం వచ్చేశాను. ఇరవై రోజుల తరవాత ఫోన్ చేసింది. లాయరు సినిమావాళ్లు ఇద్దరు హీరోయిన్లని చూసి, ఇద్దరూ కుదరక, మళ్లీ తన దగ్గరికే వచ్చారట. ఒప్పందం కాగితంలో ఒక్క లైను కలపమని అడిగిందట: గొంతు కూడా ఈ నటిదే. మేనేజరు అక్కడికక్కడే పెన్నుతో రాశాడట. ఆ ఒక్క లైనులో మూడు తప్పులున్నాయట.

దిద్దించకపోయావా అమ్మా అన్నాను.

"దిద్దడానికి ఎనక్కి తీసుకెల్తే మళ్లీ ఆలోసిస్తారు అన్నా," అంది. "అందుకే తప్పుల మీదే బేగి సంతకం ఎట్టేసినాను."